బజ్జీ ఒకటే... రుచులు ఊరికొకటి!

విశాఖ ఆర్కే బీచ్‌లో సాయంత్రం పూట బండి మీద తెల్లగా కొండలా పోసి ఉంటాయే... వాటినేమంటారు? విశాఖవాసిని అడిగితే 'మురీలు' అంటాడు. గుంటూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చినాయన 'మరమరాలు కదండీ!' అంటాడు. కర్నూలు వాళ్లకైతే అవి బొరుగులు. వస్తువు ఒకటే, పేర్లు మూడు. పేరు మారిన చోట తినే వేళా, తినే తీరూ కూడా మారిపోతాయి. ఆ తేడాలన్నీ తెలుసుకోవడానికి ఊరూరా తిరగనక్కర్లేదు. విశాఖలో ఓ బజ్జీల బండి దగ్గర కాసేపు నిలబడితే చాలు.

ఎందుకంటే ఇది నలుదిక్కుల నుంచీ వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరు. 1933లో రేవు మొదలైంది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. అక్కడ తయారైన 'జల ఉష' 1948లో నీళ్లలోకి దిగింది. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో రాష్ట్రమంతా ఉద్యమించింది. 1971లో శంకుస్థాపన జరుపుకున్న ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. కొత్త పని మొదలైనప్పుడల్లా ట్రంకుపెట్టెలతో కొత్త కుటుంబాలు దిగాయి. పెట్టెలో బట్టలతో పాటు వాళ్ల ఊరి రుచి కూడా వచ్చింది.

ఒకటో తారీఖు పొట్లం

మా నాన్న పోర్టు ఉద్యోగి. బి షిఫ్టు పడితే ఇంటికొచ్చేసరికి రాత్రి పదిన్నర. ఒకటో తారీఖున మాత్రం మేం పడుకునేవాళ్లం కాదు. జీతం రోజు... చేతిలో బజ్జీల పొట్లం ఉంటుందని తెలుసు. పాత పేపరుకి నూనె పట్టి అద్దంలా మెరుస్తుండేది. అందులోంచి కనబడే సినిమా ప్రకటన చదవడానికి పిల్లలం పోటీలు పడేవాళ్లం. 'ఆ నూనె ఎన్నిసార్లు కాగిందో!' అని అమ్మ గొణిగేది. గొణుగుతూనే తన వంతు ఒకటి పక్కన పెట్టుకునేది.

సెలవు రోజైతే మేమే బండి దగ్గరకు పరిగెత్తేవాళ్లం. బండి నడిపే ఆవిడను ఊరంతా 'అప్పా' అనే పిలిచేవారు. 'ఏటి బాబూ, ఉల్లిపాయెక్కువెయ్యాలా?' అని అడిగి, మనం తలూపేలోపే వేసేసేది. మురీలు, వేయించిన వేరుసెనగ గుళ్లు, ఉల్లి, టొమాటో, పచ్చిమిర్చి, కొత్తిమీర... పైన నిమ్మచెక్క పిండి, గిన్నెలో గరిటెతో టకటకా కలిపితే మురీ మిక్చర్ సిద్ధం. మెత్తబడకముందే తినెయ్యాలి. అదొక్కటే షరతు.

అసలు తమాషా మా క్వార్టర్లలో ఉండేది. ఎదురింటి బెంగాలీ వాళ్లు అవే మురీల్లో ఓ చెంచా ఆవనూనె వేసి కలిపేవాళ్లు. ఆ ఘాటుకి మా ముక్కులు అదిరిపోయేవి. అన్నట్టు బెంగాలీల 'ముడి'కి, ఒడియా వాళ్ల 'ముఢి'కి మన 'మురీ' దగ్గరి చుట్టమే. పక్కవాటాలో కర్నూలు అత్తయ్యగారు మాత్రం పొద్దున్నే బొరుగుల్ని నీళ్లలో తడిపి, పిండి, ఉల్లి, పచ్చిమిర్చి, పసుపుతో తాలింపు పెట్టి, పప్పుల పొడి చల్లేవారు. పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీ! అదే ఉగ్గాని. పొద్దున్నే బజ్జీ ఏమిటని మేం నోళ్లు వెళ్లబెడితే, 'సాయంత్రం దాకా ఎట్లా ఆగుతారు మీరు?' అని ఆవిడ మమ్మల్నే అడిగేవారు.

చూశారా? విశాఖలోనూ బజ్జీ, బొరుగులే. కర్నూలులోనూ, సరిహద్దు దాటితే బళ్లారిలోనూ అదే జంట. ఒకచోట అది సాయంత్రపు షికారు తిండి. ఇంకోచోట పొద్దుటి పలహారం. గుంటూరు వాళ్లు అక్కడితో ఊరుకోరు. ఒకసారి వేగిన బజ్జీని ముక్కలు కోసి, మళ్లీ నూనెలో వేసి కరకరలాడించి 'కట్ మిర్చి' అంటారు. హైదరాబాద్‌లో మిరపకాయ కడుపులో చింతపండు గుజ్జు చేరుతుంది. అక్కడ 'మిర్చి' అంటే చాలు, బజ్జీ అని వేరే చెప్పక్కర్లేదు.

తెల్లదొరలదీ ఇదే గొడవ

ఇలాంటి పట్టింపులు మనకేననుకుంటే పొరపాటే. ఇంగ్లండులో చేపముక్కని పిండిలో ముంచి వేయించి, బంగాళాదుంప ముక్కలతో కలిపి అమ్మడం 1860ల ప్రాంతంలో మొదలైంది. మొదటి దుకాణం లండన్‌లో జోసెఫ్ మాలిన్‌దా, ఉత్తరాన మోస్లీలో జాన్ లీస్‌దా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. రైళ్లు, ఆవిరి పడవలు వచ్చాక సముద్రపు చేప మిల్లు కార్మికుల వీధులకు చేరింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఎన్నిటికో రేషన్ పెట్టిన ప్రభుత్వం దీని జోలికి మాత్రం పోలేదు. యార్క్‌షైర్ వాళ్లు పశువుల కొవ్వులో వేయిస్తేనే రుచి అంటారు. గ్లాస్గోలో పైన వెనిగర్ చల్లితే, పక్కనే ఉన్న ఎడిన్‌బరోలో గోధుమరంగు సాస్ పోస్తారు. వాళ్లకీ చిన్నప్పటి పొట్లం పాత పేపరే!

మరి చేప మన దగ్గర లేదా అంటారా? విశాఖ తీరంలో వేపుడు బండ్లకు కొదవలేదు. అక్కడా పేర్ల పేచీ ఉంది. ఇక్కడ 'కోనెం' అనే చేపనే నెల్లూరు వైపు 'వంజరం' అంటారు. అయితే ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లుపెట్టే కాలమని మరపడవలకు సెలవు. ఆ 61 రోజులూ తాజా సముద్రపు చేప తగ్గుతుంది. బజ్జీకి మాత్రం ఏ సెలవూ లేదు.

బండికి చోటేదీ?

పేపరు పొట్లం పోవాల్సిందే. అచ్చు సిరా తిండికి అంటుకోవడం మంచిది కాదని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది. 2023లో మళ్లీ చెప్పింది. కాబట్టి మీ చేతిలోని ఈ పేజీని చదివి దాచుకోండి, బజ్జీలకు ఇవ్వకండి!

బండి సంగతి మాత్రం అంత తేలిక కాదు. 2025 సెప్టెంబరులో విశాఖ నగరపాలక సంస్థ 'ఆపరేషన్ లంగ్స్' పేరిట రోడ్ల పక్కన బండ్లను పెద్దఎత్తున తొలగించింది. నడిచేవాళ్లకు దారి కావాలి, నిజమే. బండి మీద బతికేవాళ్లకూ చోటు కావాలి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం రెండిటికీ దారి చూపింది. ముందు సర్వే చేయాలి, అమ్ముకునే చోట్లు గుర్తించాలి, కదిలించాలంటే 30 రోజుల నోటీసివ్వాలి. చోట్లు నిర్ణయించే కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి.

హోటల్లో ఏసీ గదిలోనూ బజ్జీ దొరుకుతుంది. కానీ షిఫ్టు దిగిన కార్మికుడూ, కాలేజీ కుర్రాళ్లూ, మనవడి చెయ్యి పట్టుకున్న తాతగారూ ఒకే మూకుడు చుట్టూ నిలబడి తమ వంతు కోసం చూసే చోటు బండి దగ్గర తప్ప ఇంకెక్కడుంది? 'ఉల్లిపాయెక్కువెయ్యాలా?' అని అడిగే మనిషి అక్కడే ఉంటుంది మరి!