ఇంటి దారిలో చివరి 110 కి.మీ.

2019లో కార్లలో బ్యాంకాక్ వెళ్లొచ్చిన ఓ తెలుగు బృందం విదేశాన్ని తనివితీరా చూసింది. స్వదేశపు గుమ్మాన్ని మాత్రం చీకట్లో దాటేసింది.

బర్మాలో రోడ్డుకు కుడివైపున నడిచిన కార్లు మణిపూర్‌లోని మోరే గేటు దాటగానే ఎడమవైపుకు మారాలి. 2019 ఫిబ్రవరిలో ఓ సాయంత్రం థాయిలాండ్ నుంచి తిరిగొస్తున్న మూడు కార్లలో రెండు ఆ పని సక్రమంగానే చేశాయి. మూడోది అలవాటు కొద్దీ కుడివైపే సాగి, ఎదురొస్తున్న ఆటో ముందు కీచుమని ఆగింది. ఆటో డ్రైవర్ ఏ భాషలో తిట్టాడో లోపలున్న ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు. తిట్టని మాత్రం తెలిసింది. ఇండియాకు వచ్చేశామన్న నమ్మకం అప్పుడు కుదిరిందట.

మొత్తం తొమ్మిది మంది. నలుగురు విశాఖపట్నం వాళ్లు, ఐదుగురు హైదరాబాద్ వాళ్లు. రిటైరైన రైల్వే అధికారి, పిల్లల డాక్టర్ దంపతులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ముగ్గురు, బట్టల వ్యాపారి ఒకరు, ఆయన బావమరిది, విశాఖలో హైస్కూలు పాఠాలు చెప్పే ఓ టీచర్. రానూపోనూ తొమ్మిది వేల కి.మీ. పైచిలుకు. దాని గురించి వాళ్లు ఇప్పటికీ మాట్లాడుకుంటూనే ఉంటారు. అయితే చెప్పే కథ ఇన్నేళ్లలో మెల్లగా మారుతూ వచ్చింది.

తిరిగొచ్చిన కొత్తలో అంతా విశేషాలే. బర్మా కొత్త రాజధాని నేపిడాలో 20 వరుసల రోడ్డు మీద తమ మూడు కార్లు తప్ప మరో వాహనం లేకపోవడం. యార్జీ, కలేవాల మధ్య 120 కి.మీ. దుమ్ములో రోజంతా గడిచిపోవడం. అక్కడి నుంచి కబావ్ లోయ గుండా సరిహద్దు పట్టణం తమూ దాకా వచ్చే రోడ్డు మీద వరుసగా ఎదురయ్యే ఒంటి వరుస వంతెనలు. రెండో ప్రపంచ యుద్ధ కాలపు బెయిలీ వంతెనలవి. కారు ఎక్కగానే పలకలన్నీ ఒక్కసారిగా దడదడలాడతాయి. మొదటి పది వంతెనలకు డాక్టర్ గారి భార్య కళ్లు మూసుకున్నారు. ఆ తర్వాత లెక్కపెట్టడం మొదలుపెట్టారు. కలేవా నుంచి తమూ దాకా అవి 69 అని ప్రభుత్వ కాగితాల్లో ఉంది. ఆమె లెక్క 64 దగ్గర ఆగింది, మిగతా ఐదింటి సమయంలో నిద్రపోయారు.

గొడవలూ తక్కువేం కాదు. మాండలే దాటాక వ్యాపారికీ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లలో ఒకరికీ కారు ఏసీ మీద మాటామాటా వచ్చింది. 400 కి.మీ. వరకు ఇద్దరూ బావమరిది ద్వారానే మాట్లాడుకున్నారు. లెక్కలు తేల్చుకోవడానికి హైదరాబాద్‌లో పెట్టుకున్న విందు కూడా సగంలోనే చెడింది. బర్మాలో విదేశీ వాహనాల వెంట గైడూ, ప్రభుత్వ ప్రతినిధీ ఉండి తీరాలి. వారి ఖర్చు తలకింతని పంచాలా, కారుకింతని పంచాలా అన్నది అసలు తగవు. ఇలాంటి యాత్రల్లో స్నేహాలు నిలిచేదీ చెడేదీ కొండదారుల్లో కాదు, డబ్బు లెక్కల దగ్గరే.

వాళ్లు వెళ్లొచ్చిన దారికి పెద్ద పేరే ఉంది. భారత్-మయన్మార్-థాయిలాండ్ త్రైపాక్షిక రహదారి. మోరే నుంచి థాయిలాండ్‌లోని మేసాట్ దాకా సుమారు 1,360 కి.మీ. దీనికి 2002లో ఆలోచన చేశారు. తమూను కలేమ్యో, కలేవాలతో కలిపే 160 కి.మీ. స్నేహ రహదారిని మన సరిహద్దు రోడ్ల సంస్థ అంతకు ముందే, 2001లో వేసి ఇచ్చింది. 2004 నవంబర్‌లో గువాహటి నుంచి ఇండొనేసియాలోని బాటమ్ దాకా, 2012లో ఇండొనేసియాలోని యోగ్యకర్త నుంచి గువాహటి దాకా ఆసియాన్ కార్ ర్యాలీలు సాగాయి. జెండాలు ఊపారు, ఉపన్యాసాలిచ్చారు. ప్రత్యేక అనుమతి లేని సామాన్యుడికి మాత్రం ఆ గేటు తెరుచుకోలేదు. 2018 మేలో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. అదే ఏడాది ఆగస్టు 8 నుంచి పాస్‌పోర్టు, వీసా ఉన్నవారెవరైనా మోరే-తమూ దగ్గర సరిహద్దు దాటే వీలు కలిగింది. 2020 మార్చిలో కోవిడ్‌తో గేటు మూతపడింది. అంటే ఆ తలుపు తెరిచి ఉన్నది 19 నెలలు. అది అంత తొందరగా మూసుకుపోయేదని తెలిసి ఉంటే ఆ సాయంత్రం ఇంకాసేపు ఆగేవాళ్లమని రైల్వే అధికారి అంటారు.

ఆగకపోవడానికి కారణాలు మామూలువే. బర్మా గడియారం మనకంటే గంట ముందుంటుంది. గేటు దాటగానే గంట కలిసొచ్చిందని సంతోషించారు. కానీ ఈశాన్యంలో పొద్దు మన గడియారాన్ని పట్టించుకోదు, చలికాలంలో ఐదున్నరకే చీకటి. ఇంఫాల్‌లో హోటల్ గదులు ముందే తీసుకున్నారు. మోరే నుంచి అక్కడికి 110 కి.మీ. ఘాట్ రోడ్డు. రాత్రి ప్రయాణం వద్దని గేటు దగ్గర జవాన్లు చెప్పారు. మోరే బజారులో ఓ తమిళుల హోటల్లో దోసెలు తిని, సీట్లు తుడుచుకుని, ఎక్కి కూర్చున్నారు.

ఆ సరిహద్దు ఊళ్లో తమిళుల హోటల్ ఎందుకుందన్న సందేహం అప్పుడెవరికీ రాలేదు. 1962లో సైన్యం అధికారం చేపట్టి వ్యాపారాలను జాతీయం చేశాక బర్మా నుంచి లక్షలాది భారతీయులు తిరిగొచ్చారు. తమిళనాడులో ఇమడలేని కొందరు మళ్లీ బర్మాకే పోదామని భూమార్గంలో బయల్దేరారు. సరిహద్దు దాటనివ్వకపోవడంతో మోరేలోనే ఆగిపోయి, గుడి కట్టుకుని, బడి పెట్టుకుని స్థిరపడ్డారు. మైతీలు, కుకీలు, తమిళులు, నేపాలీలు, ముస్లింలు, పంజాబీలు అంతా ఒక్క బజారులో వ్యాపారం చేసుకునే ఊరది. అటు బర్మాలో దోసె ‘తోసే’ అయింది. ఇటు చెన్నై బర్మా బజారు దగ్గర బర్మా నూడుల్స్ ‘అత్తో’ పేరుతో అమ్ముడవుతున్నాయి. తెలుగువారిలో అలా వచ్చినవాళ్లకు విశాఖలో బర్మా క్యాంప్ వెలిసింది.

బృందంలోని టీచర్‌కు మాత్రం ఆ దారి కొత్తది కాదు. చూడకపోయినా తెలుసు. శ్రీకాకుళం తీరంలో రంగూన్‌ను ‘రంగం’ అనేవారు. కళింగపట్నం, బారువ రేవుల్లో స్టీమరెక్కి రంగం పోవడం, నాలుగు డబ్బులు కూడబెట్టుకుని రావడం అక్కడ మూడు నాలుగు తరాల జీవితం. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్లను ‘కోరంగీ’లనేవారు. గౌరవంగా అన్న మాట కాదది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె చివరికి అల్లర్లుగా మారి, వారిలో ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. అయినా స్టీమర్లు నిండుగానే వెళ్లాయి. ఇక్కడ ఆకలి అలాంటిది.

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. టిక్కెట్టు దొరికినవాళ్లు ఓడలెక్కారు. దొరకనివాళ్లు నడిచారు. లక్షలాది భారతీయులు అలా కాలినడకన బయల్దేరారు. దారిలో కలరా, మలేరియా, ఆకలితో వేల మంది పోయారు. ప్రధానమైన దారుల్లో ఒకటి తమూ, పాలెల్, ఇంఫాల్ మీదుగా దీమాపూర్ రైల్వే స్టేషన్ దాకా వచ్చేది. టీచర్ అమ్మమ్మ ఆ దారిన వచ్చింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు. తండ్రి రేవులో కూలీ. వెంట ఆరేళ్ల చెల్లెలు. తమూ దాటాక రెండు రోజుల నడకలో, కొండ ఎక్కుతుండగా, చెల్లెలు చనిపోయింది. ఆ కుటుంబానికి తెలిసిన చిరునామా అంతే, ‘తమూ దాటాక రెండు రోజులు’. అమ్మమ్మ బతికినంతకాలం ఆ విషయం అంతకుమించి మాట్లాడలేదు. రంగం పేరెత్తితే లేచి వెళ్లిపోయేది.

టీచర్ ఈ యాత్రకు వచ్చిందే అందుకోసం. మిగతావాళ్లకు ఆ సంగతి వెళ్లేటప్పుడు చెప్పలేదు. వెళ్లేటప్పుడు వాన, ముందు కారు టైరు పంక్చర్. వచ్చేటప్పుడు ఆపమందామనుకుంది. 1942లో పిల్లలతో రెండు రోజులు నడిచిన దూరమంటే ఏ 20, 30 కి.మీ.లో అయి ఉండాలి. మోరేకూ టెంగ్నోపాల్‌కూ మధ్య ఎక్కడో. కారుకు గంట దారి.

ఆ గంటలో జరిగింది ఇదీ. మోరే దాటి కొంత దూరం పోగానే ఖుదెంగ్థాబి చెక్‌పోస్టు. అందరూ దిగారు. సామానంతా దించారు. కార్ల సీట్ల కింద, స్టెప్నీ కింద వెతికారు. బంగారం, మత్తుమందులు ఆ దారినే వస్తాయి కాబట్టి జవాన్లను తప్పుపట్టడానికి లేదు. ఫోన్లు లోపల పెట్టుకోమన్నారు. మూడు కార్లకూ కలిపి గంటన్నర. ఇంత సోదా పరాయి దేశంలో ఎక్కడా ఎదురుకాలేదని వ్యాపారి సణిగారు. బ్యాంకాక్ దాకా వెళ్లొచ్చినవాళ్లకు మర్నాడు నాగాలాండ్‌లోని కోహిమాలో అడుగుపెట్టడానికి 1873 నాటి నిబంధన కింద ఇన్నర్ లైన్ పర్మిట్ కావాల్సి ఉంది, ఆ చిరాకు ఒకటి. మళ్లీ బయల్దేరేసరికి బాగా చీకటి పడింది. టెంగ్నోపాల్ దగ్గర ఇంకో తనిఖీ. 1944లో జపాన్ సేనలను నెలల తరబడి నిలువరించిన షెనామ్ కనుమ అక్కడే ఉంది. దాని కోసం రైల్వే అధికారి రెండు పుస్తకాలు చదువుకొచ్చారు. హెడ్‌లైట్ల వెలుగులో ఆయనకు కనిపించింది రోడ్డు పక్క తెల్ల గీత. టీచర్ ఏమీ అడగలేదు. తొమ్మిది మందిని చీకట్లో, కొండ మీద, తనకే ఆనవాలు తెలియని చోట ఎలా ఆపమంటుంది? వచ్చే ఏడాది అమ్మను తీసుకుని విమానంలో ఇంఫాల్ దాకా వచ్చి, టాక్సీ మాట్లాడుకోవచ్చులే అనుకుంది.

వచ్చే ఏడాది కోవిడ్. 2021 ఫిబ్రవరి 1న బర్మాలో సైన్యం మళ్లీ అధికారం లాక్కుంది. వాళ్లు టీ తాగిన కలే, సగాయింగ్ ప్రాంతాలు యుద్ధరంగమయ్యాయి. శరణార్థులు మళ్లీ ఇటే నడిచొచ్చారు. 2023 మే 3న మణిపూర్‌లో మైతీ, కుకీ-జో వర్గాల మధ్య హింస చెలరేగింది. మోరేలో ఇళ్లు తగలబడ్డాయి. అక్కడి మైతీలు ఊరు విడిచారు. ఇంఫాల్ లోయకూ మోరేకూ మధ్యనున్న ఆ 110 కి.మీ. దారి, మైతీకి కొండల్లోకీ కుకీకి లోయలోకీ పోలేని దారిగా మారింది. రాష్ట్రంలో 250 మందికి పైగా చనిపోయారు. దాదాపు 60 వేల మంది ఇళ్లు వదిలారు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం, సరిహద్దుకు రెండువైపులా 16 కి.మీ. మేర స్థానికులు వీసా లేకుండా తిరిగే వెసులుబాటును రద్దు చేస్తున్నామని, 1,643 కి.మీ. పొడవునా కంచె వేస్తామని ప్రకటించింది. 2025 మార్చి 28 భూకంపంలో సగాయింగ్ దగ్గర ఐరావతిపై 1934లో కట్టిన ఆవా వంతెన కూలిపోయింది. దాని ముందు తొమ్మిది మందీ నిలబడి తీయించుకున్న ఫొటో డాక్టర్ గారి హాల్లో ఉంది.

విశాఖలో టీచర్ ఇంటి ముందు నుంచి పోయే 16వ నంబరు జాతీయ రహదారి ఆసియా రహదారుల పటంలో 45వ నంబరు దారి. అది కోల్‌కతాలో ఒకటో నంబరు దారిని కలుస్తుంది. ఆ ఒకటో నంబరే మోరే గుండా బ్యాంకాక్ పోతుంది. పటంలో ఎక్కడా గీత తెగలేదు. ఇప్పుడు కార్లలో బ్యాంకాక్ పోదలచినవాళ్లు మాత్రం నేపాల్, టిబెట్, చైనా, లావోస్ చుట్టి పోతున్నారు.

మోరే తగలబడిన వార్త వచ్చిన రోజు, ఎప్పుడో నిద్రపోయిన వాట్సాప్ గ్రూపు మేల్కొంది. దోసెల హోటల్ ఉందా, పోయిందా? ఎవరి దగ్గరైనా ఆ బజారు ఫొటో ఉంటే పెట్టమని డాక్టర్ భార్య అడిగారు. తొమ్మిది ఫోన్లలో కలిపి వేల ఫొటోలు. బగాన్ గుడులు, వంతెనలు, మేసాట్‌లో తిన్న వేయించిన పురుగులు కూడా ఉన్నాయి. మోరేవి రెండు దొరికాయి. ఒకటి దోసె ప్లేటు. రెండోది సగం తెలుపు, సగం పసుపు రంగుల్లో ఉన్న సరిహద్దు వంతెన, అదీ కారు అద్దంలోంచి. గేటు దాటాక ఇల్లొచ్చేసిందనుకుని అందరూ ఫోన్లు లోపల పెట్టేశారు. ఇంటి ఫొటో ఎవరు తీస్తారు?

ఆ 110 కి.మీ.లో తీసినది ఒక్కటే ఫొటో, టీచర్ తీసింది. చెక్‌పోస్టు దాటాక నడుస్తున్న కారులోంచి తీసింది. ఓ మలుపు, రోడ్డు పక్క రాళ్లు, వెనక నల్లగా కొండ, అన్నీ మసకే. చాలాకాలం ఎవరికీ చూపించలేదు. ఆ మధ్య తల్లికి చూపించింది. తల్లికి ఎనభై దగ్గర పడుతున్నాయి. ఆరేళ్లకే ఆగిపోయిన ఆ పిల్లను ఆమె ఇప్పటికీ ‘పిన్ని’ అనే అంటుంది. ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వేళ్లతో పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి చాలాసేపు చూసింది. “పక్కన వాగేమైనా ఉందామ్మా? పిన్ని నీళ్లడిగిందని చెప్పేది మా అమ్మ” అంది.

చీకట్లో కనిపించలేదని టీచర్ చెప్పింది.