చక్రం మాట వినాలి

పాత అంబాసిడర్ నడిపేవాళ్లకు ఇంజను చప్పుడు ఎంత పరిచయమో, చక్రాల చప్పుడూ అంతే. అందులో కొత్త గొంతు కలిస్తే చెవికి ఇట్టే తెలిసిపోతుంది. ఈమధ్య నా బండిలో అలాంటిదే మొదలైంది. వేగంతో పాటు పెరిగే సన్నని గరగర.

ఉత్తరపారాలో ఈ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అందుకే ఏ భాగాన్నీ తొందరపడి విప్పబుద్ధి కాదు, ముందు వినాలి. ఖాళీ రోడ్డు మీద న్యూట్రల్‌లోకి తెచ్చి బండిని దొర్లనిస్తాను. అప్పుడూ చప్పుడు అలాగే ఉంటే ఇంజనుకు సంబంధం లేదన్నమాట. తారు రోడ్డు దాటి సిమెంటు రోడ్డు ఎక్కగానే స్వరం మారితే టైర్లను అనుమానించాలి. బ్రేకు మీద కాలు మోపితే మారేది డ్రమ్ములోని సంగతి. అన్నిటికన్నా నాకు నచ్చే పరీక్ష మలుపు. ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రాల మీదికి వాలుతుంది. గరగర అప్పుడు హెచ్చితే కుడి బేరింగు అరిగిందని గట్టి అనుమానం. నా బండి చెప్పింది అదే.

ఇక జాకీ. బండి కింద స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లోపలి వదులు చేతికి తెలుస్తుంది. తిప్పి చూస్తే తిరగలిలో ఇసుక పడ్డట్టు గరుకు తగులుతుంది. (ఒక్కోసారి చప్పుడంతా వదులైన హబ్ క్యాప్‌దే. దాన్ని ముందే తీసి చూడటం మంచిది.)

ఈ కాస్త ఓపిక పాత బండికి మనం ఇవ్వాల్సిన గౌరవం. పాత కారున్న మిత్రులారా, బేరింగు గరగరను మాత్రం వాయిదా వేయకండి. పూర్తిగా పాడైతే చక్రమే ఊడిపోయే ప్రమాదం ఉంది.