గార పళ్ల ఆనవాలు

2019 ఏప్రిల్‌లో లోక్‌సభ ఎన్నికల వార్తల కోసం అండమాన్ వెళ్లాను. ఛాతం జెట్టీలో ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్‌లో దిగి, రేవు దగ్గర టీ తాగుతూ అభ్యర్థుల గురించి ఆరా తీస్తున్నాను. దీవులన్నిటికీ కలిపి ఉన్నది ఒకే లోక్‌సభ స్థానం, శాసనసభ లేదు; ఎవరిని కదిలించినా చెప్పవలసినది చాలానే ఉంటుంది. కొట్టు యజమాని తెలుగువాడు. నా మాటలు సగం విని, "బాబూ, మీది నల్గొండ పక్కా?" అన్నాడు. యాస పట్టుకున్నాడనుకున్నాను. కాదు, పళ్లు పట్టుకున్నాడు. ఆయనది దర్శి ప్రాంతం. నవ్వితే ఆయన పళ్లమీదా అవే గోధుమరంగు చారలు.

ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మాకు గార పళ్లు పుట్టుమచ్చల వంటివి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేసి, బ్యాలెట్ పత్రాన్ని పుస్తకమంత చేసి, తాగునీటి గోడు ఢిల్లీకి వినిపించారు. ఆ సంగతి ఎన్నోసార్లు రాశాను. టీవీ చర్చల్లో మాత్రం పెదవులు సరిగా విప్పకుండా చెప్పడం అలవాటైంది. నీళ్లు తెస్తామన్నవారి పోస్టర్లలో పళ్లు ఎప్పుడూ తెల్లనివే.

ఆ తర్వాత కాంపోజిట్ వెనీర్లు వేయించుకున్నాను. పింగాణీవైతే సాధారణంగా ఎనామిల్‌ను పలుచగా చెక్కుతారనీ, చెక్కినది తిరిగి రాదనీ దంతవైద్యురాలు చెప్పారు. నాకు ఆ అవసరం రాలేదు. ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఎనామిల్‌ను కాస్త గరుకు చేసి, జిగురు రాసి, ముందు మరకను కప్పే ముదురు తెలుపు రెసిన్, దానిపైన పంటిరంగు రెసిన్ పొరలు పొరలుగా అద్ది, ఒక్కొక్క పొరనూ నీలికాంతితో గట్టిపరిచారు. ఆరు పళ్లకు ఒక మధ్యాహ్నం పట్టింది. కొన్నేళ్లకు అంచులు విరగవచ్చు, టీకి రంగు మారవచ్చు. విరిగినచోట మళ్లీ అతికించవచ్చునట.

2024 ఎన్నికలకు మళ్లీ బాంబూఫ్లాట్ వెళ్లాను. అదే కొట్టు. నవ్వి పలకరించాను. ఆయన టీ ఇచ్చి హిందీలో డబ్బులడిగాడు. నేనెవరినో చెప్పుకోవలసి వచ్చింది. చాలాసేపు నా నోటివంక చూశాడు.

"మన నీళ్లు తాగిన మనిషంటే ఎవరూ నమ్మరు బాబూ!"

మెచ్చుకున్నాడో, నిష్ఠూరమాడాడో నాకు తెలియలేదు.

"లోపల మన పళ్లు అట్నే ఉన్నాయా?" అన్నాడు కాసేపాగి.

"ఉన్నాయి పెద్దాయనా. చెక్కలేదు."

ఖర్చెంతయిందని అడిగాడు. చెప్పాను. అది ఎన్ని టీలో లెక్క వేసుకుంటూ గ్లాసులు కడగసాగాడు.