పంటి ఖాతా

మాది దర్శి పక్క పల్లె. నా ముందుపళ్ళ మీది గోధుమరంగు చారలు చూసి, "గుట్కా అలవాటా సార్?" అని బ్యాంకులో అడిగినవాళ్ళున్నారు. అవి మా ఊరి బావినీళ్ళ గుర్తులు. మా ప్రాంతపు ఫ్లోరోసిస్ గురించి వైద్యులు 1937లోనే రాశారు.

ఈ చారల గుట్టు తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు ఎలుకల్ని ఆశ్రయించారు. ఎలుక ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అందుకే ఎనామెల్ తయారయ్యే దశలన్నీ ఒకే పంటిలో వరుసగా కనిపిస్తాయి. కణాలు ముందు ప్రొటీన్ అచ్చు పోస్తాయి. తర్వాత దాన్ని తీసేసి ఖనిజం నింపుతాయి. ఫ్లోరైడ్ ఎక్కువైతే ప్రొటీన్ కొంత మిగిలిపోయి, ఎనామెల్ గుల్లబారుతుంది.

కామర్స్ చదివినవాణ్ణి కనుక నాకిలా అర్థమైంది. ఎలుకది నడిచే ఖాతా, మనది చిన్నతనంలోనే మూసేసే ఖాతా. పన్ను బయటికొచ్చేసరికి ఆ కణాలు పోతాయి. ఇక జమ ఉండదు.

మా మూడేళ్ళ మనవరాలికి శాశ్వత దంతాలు ఇప్పుడే చిగుళ్ళలోపల తయారవుతున్నాయి. బెంగుళూరులో మా అపార్టుమెంటుకు వచ్చేవి బోరు నీళ్ళు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. అందుకే మొన్న ఒక సీసాడు నీళ్ళు పరీక్షకు ఇచ్చి వచ్చాను. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పసిపిల్లలున్న ఇళ్ళవారు మీరూ ఒకసారి పరీక్ష చేయించండి.