దరువుకు వెలిగే దీపాలు

మా ఊళ్ళో ట్రాక్టరుకు రెండు ఉద్యోగాలు: పగలు దుక్కి, పండగ రాత్రి ఊరేగింపు. వినాయక చవితి వచ్చిందంటే కల్టివేటరు విప్పి ట్రక్కు తగిలిస్తారు. ముందు స్వామివారు ఎక్కుతారు, వెనకాలే కారు స్టీరియో, పాటల పెట్టె ఎక్కుతాయి. నిరుడు మా కుర్రకారు నన్ను పట్టుకున్నారు. "బీయస్సీ ఫిజిక్సు గదా నువ్వు! దరువుకు తగ్గట్టు వెలిగే లైట్లు చెయ్యి చూద్దాం" అన్నారు. బజార్లో రెడీమేడుగా దొరుకుతాయి గాని, వాళ్ళడిగింది కొనమని కాదు, చెయ్యమని.

విషయం సులువైనదే. స్పీకరు తీగలో పారేది శబ్దం కాదు, విద్యుత్తు. అందులోంచి చిటికెడు తీసి ట్రాన్సిస్టరుకు అందిస్తే, అది బ్యాటరీ నుంచి వచ్చే పెద్ద ప్రవాహాన్ని తెరుస్తుంది, మూస్తుంది. కాలవ తూము దగ్గర తలుపెత్తే మనిషి పని అన్నమాట. నేను వాడింది టిప్ 122. ఒక వెయ్యి ఓముల రెసిస్టరు, ఒక మైక్రోఫారడ్ కెపాసిటరు కలిపితే సుమారు 159 హెర్ట్‌జ్‌లకు పైనున్న ధ్వనులు సన్నగిల్లి, డప్పు మోత మిగులుతుంది. 100 హెర్ట్‌జ్‌ల మోతకు దీపాలు సెకనుకు వందసార్లు ఆరి వెలుగుతాయి. కన్ను అన్ని లెక్కపెట్టలేదు. దానికి కనిపించేది దెబ్బకొక మెరుపు మాత్రమే.

చిక్కు ఒక్కచోట ఉంది. ఈ కారు స్టీరియోల్లో స్పీకరు తీగలు రెండింటిలో ఏదీ భూమి కాదు. పాట లేకపోయినా రెండింటి మీదా దాదాపు 6 వోల్టులుంటాయి. అందుకని తీగను ముందు కెపాసిటరు గుండా తేవాలి. అది నిలకడ వోల్టేజిని ఆపి పాటను మాత్రం వదులుతుంది. ఆ కెపాసిటరు మళ్ళీ ఖాళీ కావడానికి భూమి నుంచి బేసుకు ఒక డయోడు వెయ్యాలి.

అంతా అరుగు మీద పరిచి చూపిస్తే మా నాన్న సర్క్యూటు వంక చూడలేదు. "బాగానే ఉందిరా. ఎంత కరెంటు తాగుద్ది? తెల్లారితే మెట్ట చేలో దుక్కుంది. సెల్ఫు తిరక్కపోతే మీ వినాయకుడొచ్చి తోస్తాడా?" అన్నాడు.

మిత్రులారా! రెండేళ్ళుగా ఎన్ని వైవాలకు నిలబడ్డానో, ఇంత సూటి ప్రశ్న ఎదురుకాలేదు. పందిరి దగ్గర డీజిలు దండగని ఇంజను ఆపేస్తారు. భారమంతా బ్యాటరీ మీదే. మీటరు తెచ్చి ఆయన ఎదుటే కొలిచాను. రెండున్నర మీటర్ల ఎర్ర పట్టీ నిండుగా వెలిగితే 3 ఆంపియర్లు. దరువుకూ దరువుకూ నడుమ ఆరిపోతుంది గనక సగటు 1 దగ్గరే ఆడింది. స్టీరియోకు 3. మొత్తం 4 ఆంపియర్లు, నాలుగు గంటలకు 16 ఆంపియర్-అవర్లు. మా బ్యాటరీ 88. అయిదో వంతు కూడా కాదు.

నాన్న లెక్క విన్నాడు. తరవాత ట్రాన్సిస్టరుకు బిగించిన అల్యూమినియం రేకు మీద అరచెయ్యి పెట్టి చూశాడు, ఇంజను మీద పెట్టినట్టే. "వేడుందిగాని కాలట్లేదు. ఫ్యూజు వెయ్యి" అన్నాడు. 5 ఆంపియర్లది వేశాను. ఎదురొచ్చే బండివాడి కళ్ళలో కొట్టకుండా పట్టీని ట్రక్కు లోపలి వైపుకే కట్టాం.

ఆ రాత్రి పిల్లలు దీపాలు చూసి చిందేశారు. తెల్లవారుజామున అయిదింటికి నేను మాత్రం మంచంలోంచే చెవి ఒగ్గి పడుకున్నాను. సెల్ఫు ఒక్క తిప్పుకే అందుకుంది. నాన్న ఏమీ అనలేదు, చేలోకి వెళ్ళిపోయాడు.

మా అధ్యాపకులకు నాదొక మనవి. రికార్డు పుస్తకంలో ఓమ్ నియమం రాసినప్పుడు తప్పితే మార్కు పోతుంది, అంతే. ఇంటి దగ్గర తప్పితే ఒక పూట దుక్కి పోతుంది. ఏడాదికి ఒక్క ప్రాక్టికలైనా విద్యార్థి ఇంటి నుంచి తెచ్చుకున్న ప్రశ్న మీద ఉండనివ్వండి. మోటారు, పంపు, కుట్టుమిషను, ఏదైనా సరే. ప్రశ్నలకు మా ఇళ్ళలో కొదవ లేదు. కొలిచి చూపమనేవాళ్ళే కావాలి.