ఫోర్ హెచ్ లైటు

24 ఆగస్టు 2025, ఆదివారం. నారాయణఖేడ్

ఇయ్యాల షెడ్డు తెరవొద్దనుకున్న. ఎడ్ల పొలాల అమావాస్య మొన్ననే అయిపోయింది. గల్లీల తిరిగే ఎడ్ల కొమ్ములకు రంగు ఇంకా పోలేదు, నాకూ పండుగ బద్ధకం పోలేదు. పదకొండు గంటలకు కరస్‌గుత్తి దిక్కు నుంచి ఎరువుల సేటు పికప్ తోలుకొని వచ్చిండు. రెండు నెలల కింద హైదరాబాద్‌ల కొన్న సెకండ్‌హ్యాండ్ బండి, ఫోర్ బై ఫోర్. దిగుతనే మొదలుపెట్టిండు.

"ఉస్తాద్, స్టీరింగ్ బిగుసుకపోయింది. మలుపు తిప్పితే చాలు, కింద ఎవరో సుత్తెతోని కొట్టినట్టు సప్పుడు."

మీటర్ బోర్డు చూసిన. ఫోర్ హెచ్ లైటు వెలుగుతున్నది, అంటే నాలుగు చక్రాలూ లాగుతున్నయి.

"ఇది ఎప్పుడు ఏసినవ్ సేటూ?"

"మొన్న చేన్ల దిగబడితే ఏసిన. నాలుగు చక్రాలు లాగుతుంటే మంచిదే గదా అని ఉంచిన. ఇప్పుడు తీస్తే వస్తలేదు."

మూడు రోజుల సంది అట్లనే తిరుగుతున్నడన్నమాట. నిజాంపేట దాకా పోయిండు, హైవే ఎక్కిండు, మళ్ల ఖేడ్‌కు వచ్చిండు. అంతా ఎండిన డాంబర్ మీదనే.

తిట్టలేదు. ముందు ఎడమ చక్రం కింద జాకీ పెట్టిన. టైరు నేలను విడుస్తుందో లేదో, 'ఠక్' మని దానంతటదే పావు చుట్టు తిరిగింది. పక్కన గొంతుకూర్చున్న, నా దగ్గర పని నేర్చుకునే పిల్లగాడు పానా ఇడిచిపెట్టి అవతల పడ్డడు. షాఫ్టులల్ల మూడు రోజుల సంది పేరుకున్న మెలి ఒక్క దెబ్బకు దిగింది. జాకీ దించి నాబ్ తిప్పిన, లైటు ఆరింది.

"ఏం మార్చినవ్ ఉస్తాద్?"

ఏమీ మార్చలేదు. ఎంత అడగాలో తోచక వంద తీసుకున్న.

సేటు పోయినంక పిల్లగాడు మెలి ఎందుకు పడ్డదని అడిగిండు. నోటితోని చెప్తే వాని తలకెక్కదు. సేటు బండికి ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు టేపు పెట్టి కొలిస్తే మూడు మీటర్ల పది సెంటీమీటర్లు వచ్చింది. షెడ్డు ముందు బండల మీద సున్నపు ముక్క, దారం పట్టుకొని రెండు వంపులు గీసిన. బండి మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు లోపలి వంపుల పోతయి, ముందువి బయటి వంపుల పోతయి. వెనక వంపు అయిదు మీటర్ల దారంతోని గీస్తే, ముందు వంపుకు దాదాపు ఆరు మీటర్ల దారం కావాలె. ఒక్క మూల తిరిగేసరికి వెనకది ఎనిమిది మీటర్లు కూడా నడవది, ముందుది తొమ్మిది దాటుతది. తేడా మీటరున్నర కంటే కొంచెం తక్కువ, అంటే టైరుకు అర చుట్టు పైమాటే. ఫోర్ హెచ్‌ల ముందు షాఫ్టునూ వెనక షాఫ్టునూ చిన్న గేర్‌బాక్స్ ఒక్కటిగ బిగిస్తది, రెండూ సమానంగ తిరగాల్సిందే. మరి ఆ అర చుట్టు ఎక్కడ పోవాలె? బురదల అయితే టైరు జారి సర్దుకుంటది. డాంబర్ జారనియ్యది. అప్పుడు ఆ అర చుట్టు షాఫ్టులల్ల మెలిగ మిగుల్తది.

"అయితే రోడ్డు మంచిగుంటేనే బండికి కష్టమా?" అన్నడు పిల్లగాడు. వాడు అప్పుడప్పుడు మంచి మాట అంటడు.

25 ఆగస్టు, సోమవారం రాత్రి

అక్క కొడుకు ఫోన్ చేసిండు. మిచిగన్‌ల నోవై అనే ఊళ్లె ఉంటడు. మంచుల తిరగాలని పాత సిల్వరాడో కొన్నడు. సేటు సంగతి చెప్తే నవ్విండు.

"మామా, నా బండికి ఆ బాధ లేదు. నాబ్ మీద టూ హెచ్, ఫోర్ హెచ్ నడుమ ఆటో అని ఇంకోటుంటది. నవంబర్‌ల అండ్ల పెడ్త, ఏప్రిల్‌ల తీస్త."

"తీయకపోతే?"

"ఏం కాదు. కొంచెం పెట్రోల్ ఎక్కువ తాగుతది, అంతే."

ముందు ఇరుసు తగిలే ఉంటది కాబట్టి దాని షాఫ్టు, గేర్లు ఊరికే తిరుగుతుంటయి. ఆ పెట్రోల్ వాటికి. అదొకటి నాకు వెంటనే అర్థమైంది. డాంబర్ మీద మెలి ఎందుకు పడదన్నదే అర్థం కాలే. ఆటోల ఉన్నా ముందు, వెనక షాఫ్టులు గట్టిగ బిగుసుకోవంట. రెంటి నడుమ నూనెల మునిగిన క్లచ్ ప్లేట్లుంటయంట. మామూలుగ పోయేటప్పుడు అవి ఒకదానికొకటి తాకీ తాకనట్టు ఉంటయి, లాగుడంతా వెనక చక్రాలదే. మలుపుల వచ్చే తేడాను ఆ ప్లేట్లు జారి మింగేస్తయి.

వెనక చక్రం జారింది అనుకో. బ్రేకులకు ఏబీఎస్ ఉంటది గదా, దానికోసం ప్రతి చక్రానికీ ఒక సెన్సర్ పెడ్తరు. కొన్ని బండ్లల్ల అవే సెన్సర్లు వెనకవి ముందువాటికంటే జోరుగ తిరుగుతున్నయని చిన్న కంప్యూటర్‌కు చెప్తయి. అది ఒక మోటారును తిప్పుతది, మోటారు ప్లేట్లను వత్తుతది, ముందు చక్రాలకు బలం పోతది. జారుడు ఆగితే వత్తుడు తగ్గుతది. తోలేటోనికి తెలవనే తెలవదు.

జనరల్ మోటార్స్ దీనికి ఆటోట్రాక్ అని పేరు పెట్టింది, 1999 సిల్వరాడోలనే ఉండెనంట. అంతకు ముందే 1995 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ జీపుకు బోర్గ్‌వార్నర్ కంపెనీ ఇట్లాంటిదే చేసిచ్చింది. ఆ కంపెనీ హెడ్డాఫీసు ఇప్పుడు మావోని ఊరికి దగ్గర్లనే, ఆబర్న్ హిల్స్‌ల ఉంది.

పెట్టేసే ముందు ఒక ఫోటో పంపిండు, చిన్న గేర్‌బాక్స్ నూనె మార్చినప్పుడు తీసిందంట. చొక్కాలకు పెట్టే నీలిమందు కలిపినట్టు నీలం రంగు. ముప్పై ఏండ్ల సంది గేర్ నూనెలల్ల చేతులు పెట్టిన, నల్లది చూసిన, తేనెరంగుది చూసిన, నీళ్లు కలిసి పాలలెక్క అయింది చూసిన. నీలిది ఎన్నడూ చూడలే. ఆ క్లచ్ ప్లేట్లకు ఆ నూనె తప్ప ఇంకోటి పోయొద్దంట.

26 ఆగస్టు, మంగళవారం

పొద్దున్నే పక్క బైకు మెకానిక్ దగ్గరికి పోయి విప్పి పడేసిన క్లచ్ డబ్బా అడిగి తెచ్చిన. ఈ మోటారు సైకిల్ క్లచ్ విప్పనోడు మా లైన్ల లేడు. ఒక ప్లేటుకు బయట పండ్లు, ఇంకో ప్లేటుకు లోపల పండ్లు. ఒకటి తర్వాత ఒకటి పేరుస్తరు. బయటి పండ్లవి డబ్బాతోని తిరుగుతయి, లోపలి పండ్లవి నడుమ గుండుతోని. ఒత్తితే అన్నీ ఒక్కటయితయి, ఇడిస్తే ఏదారివి ఆ దారి.

పిల్లగానికి డబ్బా ఇచ్చి రెండు చేతులతోని ఒత్తి పట్టుకొమ్మన్న. నడుమ గుండును నేను తిప్పిన. గట్టిగ ఒత్తితే తిరగలే. కొద్దిగ ఇడిస్తే బరువుగ, జిడ్డుజిడ్డుగ తిరిగింది. మొత్తం ఇడిస్తే గిర్రున తిరిగింది. ఈ మూడింట్ల నడుమదే ఆటో. సేటు బండిల ఆ నడుమది లేదు. అండ్ల పండ్లున్న రింగు జరిగి పండ్లల్ల పడ్తది. పడితే పడ్డట్టు, లేకుంటే లేదు. సగం పడుడు దానికి తెలవదు.

ఒత్తేది ఎట్లా అన్నదాంట్ల రెండు తీర్లున్నయి. ఒకదాంట్ల మోటారు, ఏటవాలు పళ్లెంను తిప్పి నెడ్తది. ఇంకోదాంట్ల కరెంటు అయస్కాంతం ఒక పళ్లెంను ఆపి పట్టుకుంటది. పళ్లేల నడుమ గుంతలల్ల ఉన్న గోలీలు ఏటవాలు ఎక్కి పళ్లేలను ఎడం చేస్తయి, ఆ ఎడం ప్లేట్లను ఒత్తుతది. గోలీల తీరు నాకు నచ్చింది. కొద్ది కరెంటుకు పెద్ద ఒత్తుడు.

నాకొక అనుమానం ఉండె. అది జారినంకనే కదా ఒత్తేది? మధ్యాహ్నం మావోనికి మెసేజ్ పెట్టిన. వాడు పండుకున్నట్టున్నడు, సాయంత్రం జవాబు వచ్చింది. కొత్త బండ్లు జారేదాకా ఆగవంట. నిలబడ్డ చోటి నుంచి గట్టిగ తొక్కితే ముందే ఒత్తి పెడ్తయి. స్టీరింగ్ ఎంత తిరిగిందో చూసి మలుపుల సడలిస్తయి. కానీ ముందరున్నది మంచో బురదో వాటికి కనపడదు, ఒప్పుకున్నడు.

28 ఆగస్టు, గురువారం

నిన్న వినాయక చవితి. నీళ్ల పండుగ అనాలె. మెదక్, కామారెడ్డి దిక్కు ఆకాశం కూలినట్టు పడ్డది. కామారెడ్డి కాడ రైలు పట్టాల కింద మట్టే కొట్టుకపోయిందని, హైవే మునిగిందని టీవీల చూపిచ్చిన్రు. ఇక్కడ కూడా షెడ్డు రేకుల మీద వాన సప్పుడుకు ఫోన్ల మాట వినరాలే. పని లేదు.

మన దగ్గర ఆటో ఉన్న పికప్ ఎవరన్న తెచ్చుకున్నరా అని చూసుకుంట కూసున్న. ఇసుజు వాళ్ల వీ-క్రాస్ మన తెలుగోళ్ల గడ్డ మీదనే తయారైతది, తిరుపతి జిల్లా శ్రీసిటీల. ఆ ఫ్యాక్టరీ 2016ల మొదలైంది. దాని నాబ్ మీద టూ హెచ్, ఫోర్ హెచ్, ఫోర్ ఎల్, అంతే. 2022ల వచ్చిన టొయోటా హైలక్స్ కూడా అంతే. ఫోర్ ఎల్ అంటే చక్రాలు రెండున్నర రెట్లు నిమ్మళంగ తిరిగి, అంత బలం ఎక్కువ వస్తది. థాయిలాండ్‌ల చేసే మిత్సుబిషి ట్రైటన్‌ది ఇంకో దారి. దాంట్ల ముందు, వెనక షాఫ్టుల నడుమ కూడా ఒక డిఫరెన్షియల్ పెట్టిన్రు, అందుకే నాలుగు చక్రాల మీద డాంబర్ ఎక్కినా మెలి పడదు. మలుపు తేడాను ప్లేట్లు జారి కాదు, గేర్లే పంచుకుంటయి.

నేను పని నేర్చుకున్నప్పుడు ఈ గోల ఏదీ లేదు. జహీరాబాద్‌ల చేసిన ఆల్విన్ నిస్సాన్ క్యాబ్‌స్టార్ బండ్లే మాకు పాఠాలు. ఆ ఫ్యాక్టరీ తర్వాత మహీంద్రాది అయింది, ఇప్పుడు ట్రాక్టర్లు కూడా చేస్తున్నరు. క్యాబ్‌స్టార్‌కు వెనక రెండే లాగుడు. దిగబడితే నూకేటోళ్లే ఫోర్ బై ఫోర్.

30 ఆగస్టు, శనివారం

పొద్దున్నే సేటు మళ్ల వచ్చిండు. ఈసారి బండి మంచిగనే ఉంది. తండా అవతల చేన్ల పంపు మోటారు తెచ్చేది ఉన్నదంట, వాగు ఒడ్డుకు నీళ్లొస్తున్నయి. "నాకు భయమైతది, నువ్వు తోలు ఉస్తాద్" అని తాళం చేతిల పెట్టిండు. సొసైటీ ముందర యూరియా కోసం చెప్పులు లైన్ల పెట్టి జనం చెట్టుకింద కూసున్నరు. వాళ్లను దాటుకొని పోయినం. సేటు, నేను, నడుమ పిల్లగాడు.

ఆ తొవ్వ చూస్తే మావోని ఆటో యాదికొచ్చింది. రెండొందల మీటర్లు డాంబర్, యాభై మీటర్లు కొట్టుకపోయి బురద, మళ్ల సిమెంటు రోడ్డు, మళ్ల గుంత. ఏసుడు, తీసుడు, ఏసుడు, తీసుడు. నేను నాలుగుసార్లు చేసిన, అయిదోసారికి విసుగొచ్చింది. ఇసుంటి తొవ్వకు ఆటోనే ఉండాలె, ఒప్పుకుంట.

చేన్ల దిగినంక సంగతి వేరే. అది నల్లరేగడి. నేల నునుపుగ మెరిసే చోటికి పది గజాల ముందే ఫోర్ హెచ్ ఏసిన. రేగడిల టైరు ఒక్క చుట్టు ఉత్తగ తిరిగితే చాలు, గాళ్లన్నీ మట్టితోని పూడిపోయి రుబ్బురోలు పొత్రంలెక్క నున్నగ అయితది. ఆ తర్వాత ఎన్ని చక్రాలకు బలమిచ్చినా ఏం లాభం? మొదటి చుట్టు జారకముందే నాలుగూ పట్టుకోవాలె. ఇంకోటి, గంటసేపు బురదల ఆ ప్లేట్లు జారుకుంట ఒత్తుకుంట ఉంటే నూనె కాగుతది. అందుకే ఆటో ఉన్న బండికి కూడా ఫోర్ హెచ్ తాళం ఉంచిన్రు.

అంత చెప్పినోన్ని, అయినా దిగబడ్డ. ఒడ్డు ఎక్కుతుంటే బండి మూల మీద ఊగింది. ముందు కుడి చక్రం, వెనక ఎడమ చక్రం ఉత్తగ తిరుగుతున్నయి, మిగిలిన రెండూ కదలవు.

"ఫోర్ బై ఫోర్ అంటిరి?" అన్నడు సేటు.

ఒడ్డు మీద ఎడ్లను ఆపి చూస్తున్న ముసలాయన కాడి చూపిచ్చిన. నడుమ మోకు కట్టి ఉంటది. ఒక ఎద్దు అడుగు ముందు, ఒకటి వెనక నడవొచ్చు, కాడి వంగి సర్దుకుంటది. కానీ ఒక ఎద్దు కాలు జారి లాగుడు ఇడిసిపెడితే రెండోది ఎంత బలమైందైనా కాడి తిరిగిపోతది, నాగలి కదలది. ప్రతి ఇరుసు నడుమ ఉన్న డిఫరెన్షియల్ ఆ కాడే. కుడికెంత బలమో ఎడమకంతే. ఒకటి గాల్లె ఉంటే రెండోదానికి కూడా ఏమీ రాదు. ఆటో అయినా, ఫోర్ హెచ్ అయినా ముందుకూ వెనకకూ నడుమ పంచాయితీ తీరుస్తది. కుడి ఎడమల పంచాయితీకి వేరే లాక్ కావాలె, లేకుంటే జారే చక్రాన్ని బ్రేకుతోని పట్టే కంప్యూటర్ కావాలె. సేటు బండికి రెండూ లేవు.

"కట్టె ఏయిండ్రి, కట్టె" అన్నడు ముసలాయన. కంది కట్టె మోపు తెచ్చి తిరిగే రెండు చక్రాల కింద తొక్కిచ్చినం. ఫోర్ ఎల్‌ల, రెండో గేరుల, కాలు తాకీ తాకనట్టు పెట్టి ఇడిసిన. పటపట ఇరుగుకుంట, పాకుకుంట ఎక్కింది. మోటారు ఏసుకొని బయటపడేసరికి మూడయింది.

తిరుగుడు ప్రయాణంల సేటు కునుకు తీసిండు. నేను పిల్లగానికి కాడి సంగతి మళ్ల మొదటినుంచి చెప్పుకుంట తోలిన. ఖేడ్ చౌరస్తా కాడ కుడికి తిప్పితే స్టీరింగ్ బరువుగ అయింది. కింద 'కటక్' మన్నది.

బోర్డు మీద ఫోర్ హెచ్ లైటు. ఫోర్ ఎల్ తీసిన గానీ, చేను దాటినంక అది తీయలే. ఎన్ని కిలోమీటర్లయిందో లెక్కపెట్టబుద్ధి కాలే. పక్కన ఆటోరిక్షాలు హారన్ కొడుతుంటే నేరుగ పది గజాలు రివర్స్ పోనిచ్చి నాబ్ తిప్పిన. లైటు ఆరింది. సేటు లేవలే. పిల్లగాడు కిటికీ దిక్కు మొఖం తిప్పుకున్నడు, నవ్విండో లేదో నేను చూడలే.