కట్ట మీద కాసేపు కూర్చుందాం రండి

పొద్దున ఐదున్నరకు కరీంనగర్‌లో డ్యామ్ కట్ట ఎక్కి చూడండి. చలికాలమైతే మఫ్లర్లు, మంకీ క్యాపులు. ఎండాకాలమైతే భుజం మీద తువ్వాల. చేతిలో కర్ర ఉన్నవాళ్లలో చాలామంది దాని మీద ఆనరు, కుక్కలను అదిలించడానికి పట్టుకొస్తారు. "ఏం సారూ, నిన్న కనవడలే?" అని ఒకరు అడుగుతారు. "చిన్నబిడ్డ అచ్చింది బాపూ, మనుమరాలిని ఇడిసిపెట్టి రాబుద్ది కాలే" అని జవాబు. ఆ సారు బడి విడిచి ఎన్నేండ్లయిందో, కట్ట మీద మాత్రం ఇంకా సారే.

మీలో రిటైర్మెంటు దగ్గరపడ్డవాళ్లుంటే ఈ ముచ్చట మీకోసమే. అమ్మానాయనల కోసం ఇల్లు వెతుకుతున్నవాళ్లయితే ఇంకా మంచిది, కొంచెం దగ్గరికి జరగండి.

నీళ్ల పక్కన, చెట్ల కింద ఓ చిన్న ఇల్లు. కొలువు అయిపోయినవాళ్లలో ఈ కోరిక లేనివాళ్లు తక్కువ. సముద్రమున్న జిల్లాలవాళ్లకు సముద్రం గుర్తుకొస్తుంది. మనకేమో దగ్గరి సముద్రపు ఒడ్డు కూడా మూడు వందల కిలోమీటర్లకు పైనే ఉంది. నాకు తెలిసిన దంపతులు విశాఖకు పోయి సముద్రం కనబడే ఫ్లాటులో కొన్నాళ్లు ఉండొచ్చారు. గాలి మంచిగుందట, పానం తేలికగా ఉందట. అయితే పొద్దున నడకకు పోయి వచ్చేదాకా ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరని ఆమె చెప్పింది. మంచి గాలి వదులుకుని ఇటే వచ్చారు. వాళ్లు చేసింది సరైన పనేనని నా నమ్మకం. నడివయసులో కొత్త ఊరు తొందరగానే పరిచయమవుతుంది. అరవై దాటాక అట్లా కాదు. ముసలితనంలో మనిషికి కావలసినవాటిలో మొదటిది, ఒకరోజు రాకపోతే "ఎందుకు రాలే?" అని అడిగే మనిషి.

ఇంతకూ మన నీళ్ల సంగతి. ఇవి వాటంతట అవి చేరిన నీళ్లు కావు, పట్టుబట్టి కట్టుకున్నవి. దిగువ మానేరు డ్యామును 1974లో మొదలుపెట్టి 1985 దాకా కట్టారు. కట్ట పొడవు పది కిలోమీటర్లు దాటుతుంది. గేట్లు ఇరవై, నిండితే 24 టీఎంసీలు. గోదావరి మీది పోచంపాడు నుంచి బయలుదేరిన కాకతీయ కాలువ 146వ కిలోమీటరు దగ్గర ఇందులోకి చేరి, మళ్లీ ఇక్కడి నుంచే వరంగల్ దిక్కు సాగిపోతుంది. అంటే మీరు కట్ట మీద నిలబడి చూసేది మానేరునే కాదు, గోదావరిని కూడా. నిండిన ఏడు అవతలి ఒడ్డు చూపుకు ఆనదు. 2015-16 కరువులో నీళ్లు కుంచించుకుపోయి అడుగు మట్టి బయటపడ్డప్పుడు, నడకకు వచ్చే పెద్దవాళ్లు ఇంట్లో మనిషికి జబ్బు చేసినట్టు మాట్లాడుకున్నారు. "ఇయ్యాల ఇంకింత తగ్గింది" అని రోజూ ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు.

ఈ నీటి విలువ తెలియాలంటే మే నెలలో రావాలి. కరీంనగర్ చుట్టూ గ్రానైటు గుట్టలు. పగలంతా కాగిన బండ రాత్రి సగం దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. రామగుండం, మంచిర్యాల దిక్కు బొగ్గు గనులు, కరెంటు ప్లాంటు ఉన్న చోట 45 డిగ్రీలు కొత్త సంగతి కాదు. ఆ వేడిలో సాయంత్రం ఆరింటికి డ్యామ్ మీది నుంచి వచ్చే గాలి తగిలితే ప్రాణం లేచి వస్తుంది. ఉజ్వల పార్కు, జింకల పార్కు దగ్గర పిల్లలు ఆడుకుంటుంటే తాతలు, నానమ్మలు గట్ల మీద కూర్చుని ఆ గాలి తాగుతుంటారు. కట్టకు అటు తిమ్మాపూర్ వైపు ఈ డ్యామ్ పేరుతోనే ఎల్ఎండీ కాలనీ ఉంది. నీటిపారుదల శాఖవాళ్ల క్వార్టర్లు, ఆఫీసులు. అక్కడ ఇళ్ల కంటే ముందు చెట్లు కనబడతాయి. జ్యోతినగర్‌లో ఎన్టీపీసీ టౌన్‌షిప్ కూడా అంతే. నిజం చెప్పాలంటే ఉత్తర తెలంగాణలో మంచి నీడ ఉన్న కాలనీలు చాలావరకు ఇట్లాంటి సర్కారు, కంపెనీ కాలనీలే. పెట్టిన మొక్కకు నీళ్లు పోసే మనిషి, నరకొద్దని చెప్పే అధికారి, ఇద్దరూ అక్కడున్నారు.

అయితే ఆ నీడలో ముసలితనం గడిపే హక్కు ఆ చెట్లను పెంచినవాళ్లకు లేదు. సింగరేణి బొగ్గు గనుల సంగతే తీసుకోండి. గోదావరిఖనిలో, శ్రీరాంపూర్‌లో, మందమర్రిలో ఒక కార్మికుడు ముప్పై ఏండ్లు బాయిలకు దిగి ఎక్కుతాడు. ఫస్ట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు అని వారం వారం నిద్ర మార్చుకుంటాడు. క్వార్టర్ ముందర జామ, మామిడి, కరివేపాకు పెట్టుకుంటాడు, ఆయన భార్య దొడ్లో బీర పందిరి వేస్తుంది. కొలువు దిగిపోయే రోజు పూలదండ పడుతుంది, శాలువ పడుతుంది. ఆ తర్వాత క్వార్టర్ ఖాళీ చేయాలి. చెట్లు అక్కడే ఉంటాయి. కొందరు ముందుగానే మెడికల్ అన్‌ఫిట్ అయి కొడుకుకు ఉద్యోగం వచ్చేట్టు చూసుకుంటారు, అట్లయితే అదే కాలనీలో కొడుకు దగ్గర ఉండొచ్చు. మిగిలినవాళ్లు నస్పూర్‌లోనో, మంచిర్యాలలోనో, కొంచెం చేతిలో ఉంటే కరీంనగర్‌లోనో వంద గజాలు, నూటయాభై గజాలు చూసుకుంటారు. ఆ కొత్త ఇంటి ముందర మొక్క పెట్టడానికి జాగా ఉండదు. సిమెంటు రోడ్డు గడపను ముట్టి ఉంటుంది.

పింఛన్ల ముచ్చట కూడా దాటవేయలేను. కట్ట మీద పక్కపక్కన నడిచేవాళ్ల జేబులు ఒకటి కావు. సర్కారు సారుకు పింఛను మీద కరువు భత్యం కలుస్తుంది, ధరలు పెరిగితే అదీ పెరుగుతుంది. బొగ్గు గని కార్మికుడిది 1998లో వచ్చిన పింఛను పథకం, దిగిపోయిన రోజు ఎంత ఖాయమైందో ఏండ్లు గడిచినా దాదాపు అంతే. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు బీడీలు చుట్టి వేళ్లు అరగదీసుకున్న అవ్వకు ప్రభుత్వమిచ్చే 2016 రూపాయలు. దుబాయ్, మస్కట్లలో ఇరవై ఏండ్లు ఎండలో పనిచేసి వచ్చిన పెద్దమనిషికి అక్కడి కంపెనీ నెలనెలా పంపేది ఏమీ లేదు. నెత్తి మీద గాలి మాత్రం నలుగురికీ ఒకటే. అందుకే నాకు కాలనీ కంటే కట్ట ఎక్కువ ఇష్టం. టికెట్టు లేదు, గేటు లేదు, ఎవరిదీ కాదు.

మరి మానేరు నీళ్ల కోసం ఊరు విడిచిన ముసలివాళ్ల మాట? సిరిసిల్ల, వేములవాడ, బోయినపల్లి దిక్కు పోతే మధ్య మానేరు జలాశయం కనబడుతుంది. చింతలఠాణా, కొదురుపాక, రుద్రవరం, అనుపురం, సంకెపల్లి, వరదవెల్లి... ఇట్లా ఎన్నో ఊళ్లు దాని కింద పోయాయి. వరదవెల్లి దత్తాత్రేయస్వామి గుట్ట చుట్టూ నీళ్లు చేరి దేవుని దగ్గరికి పడవ మీద పోవలసి వస్తోంది. ఊళ్లవాళ్లకు పునరావాస కాలనీలు వచ్చాయి. గీత గీసినట్టు రోడ్లు, నంబర్లు వేసిన ప్లాట్లు. ఇండ్లు కొన్ని పాత ఊరి ఇండ్ల కంటే పెద్దవే. కానీ మధ్యాహ్నం అక్కడికి పోయి చూడండి, డెబ్బై ఏండ్ల మనిషి ఎక్కడ కూర్చోవాలి? పాత ఊళ్లో మర్రి కింద గద్దె ఉండేది, దేవుని గుడి ముందర చింత ఉండేది. వాటి ఈడు చెట్టు ప్లాటుతో పాటు రాదు. పరిహారం లెక్క కట్టినప్పుడు దొడ్లో మామిడికి ఇంత, వేపకు ఇంత అని రాసుకున్నారు. ఊరందరూ కూర్చున్న నీడను ఎవరి పేరు మీద రాస్తారు? నాకు ఈ విషయం గుర్తొచ్చినప్పుడల్లా కడుపులో దేవినట్టుంటుంది. మనం నీటి ఒడ్డున గాలి తింటున్నామంటే ఒకరి వాకిలి మీదుగా వచ్చిన గాలే తింటున్నాం.

గోదావరి ఒడ్డున ఇల్లు అనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. మంచిర్యాల రైలు దారి మీద ఉంది, ఆస్పత్రులున్నాయి, 2016 నుంచి జిల్లా కేంద్రం కూడా. రిటైరైనవాళ్లకు అన్ని విధాలా అనువైన ఊరే. కానీ 2022 జూలైలో ఏం జరిగిందో మరవొద్దు. కడెం ప్రాజెక్టు తెగుతుందా అని రాత్రంతా జనం మేలుకుని ఉన్నారు. గోదావరి ఉబ్బి, రాళ్లవాగు వెనక్కి తన్ని, ఎన్టీఆర్ నగర్ లాంటి పల్లపు కాలనీలు మునిగాయి. నది ఒడ్డున కట్టిన మాతాశిశు ఆస్పత్రిలోకే నీళ్లు వస్తే బాలింతలను, పసిపిల్లలను వేరే చోటికి తరలించారు. కాబట్టి ప్లాటు చూపించే మనిషి ఎంత తియ్యగా మాట్లాడినా, పక్కింటి గోడకు 2022 బురద గీత ఎక్కడిదాకా ఉందో అడిగి చూడండి. పాత ఇంట్లో ముసలమ్మ ఉంటే ఆమెనే అడగండి, చెయ్యి ఎత్తి చూపిస్తుంది. నడుము వంగే వయసులో నెత్తి మీద బియ్యం మూట పెట్టుకుని డాబా ఎక్కే పరిస్థితి మీకు వద్దు.

ధర్మపురి తీరు వేరు. అక్కడ గోదావరి దక్షిణానికి తిరిగి పారుతుంది. నరసింహస్వామి గుడి, మెట్లు, వేదం చదివిన ఇండ్లు. ఆఖరు రోజులు నది ఒడ్డున గడపాలన్న కోరిక మనవాళ్లలో పింఛను కంటే చాలా పాతది. ఆ ఊళ్లో ముసలివాళ్లు ఖాళీగా కనబడరు. గుళ్లో పని, పురాణం, ఏకాదశి, ఎవరింట్లోనో తద్దినం. 2027లో మళ్లీ పుష్కరాలొస్తున్నాయి, ఆ మెట్ల మీద పట్టుకోవడానికి రెయిలింగులు, కూర్చోవడానికి నీడ ఇప్పటి నుంచే చూసుకుంటే పెద్దవాళ్లకు మేలు చేసినట్టు.

ఆదిలాబాద్ పాత జిల్లాలో నీళ్ల కంటే చలి ముచ్చటే ఎక్కువ. డిసెంబరు, జనవరిలో సిర్పూర్, తిర్యాణి దిక్కు పది డిగ్రీల కిందికి దిగడం మామూలే. పొద్దుగాల్నే ఇంటి ముందర మంట వేస్తారు. చుట్టూ పీటలు, బొంతలు, వాటి మీద పెద్దవాళ్లు. ఆ మంట దగ్గర మరాఠీ, ఉర్దూ, గోండి, తెలుగు అన్నీ కలిసి వినబడతాయి. మంట ఆరేదాకా ఎవరూ లేవరు. కాగజ్‌నగర్‌లో 2014లో మూతబడి 2018లో మళ్లీ తెరుచుకున్న పేపరు మిల్లు ముచ్చట ఇట్లాంటి మంట దగ్గర ఎత్తితే చాలు, ఒక్కొక్కరూ ఒక్కో మిషను పేరు చెప్పి మాట్లాడతారు.

ఇప్పుడు కరీంనగర్‌లో మానేరు రివర్‌ఫ్రంట్ మాట నడుస్తోంది. 2023 జూన్‌లో తీగల వంతెన తెరిచినప్పటి నుంచి సాయంత్రాలు అక్కడ తిరునాళ్లే. నాకు సంతోషమే. ఊరికి అందం రావాలి, పిల్లలు ఫోటోలు దిగాలి. కానీ ఆ పని చేసే ఇంజనీర్లకు, కార్పొరేషన్ పెద్దలకు చేతులు జోడించి ఒకటి అడుగుతున్నాను. లైట్ల కంటే ముందు నీడ పెట్టండి. ప్రతి వంద అడుగులకు వీపు ఆనించుకునే బెంచి వేయండి. మెట్లున్న ప్రతి చోటా పక్కన వాలుదారి ఉండాలి. ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి, అది లేకనే మా ఇళ్లలో ఎందరో అమ్మలు నడకకు రావడం మానుకున్నారు. నడకకు టికెట్టు మాత్రం ఎప్పటికీ పెట్టొద్దు. బీడీ పింఛను అవ్వ ఇరవై రూపాయలిచ్చి గాలి కొనుక్కోదు, వెనక్కి మళ్లి ఇంటికి పోతుంది.

చెట్ల విషయంలో కూడా తొందరపాటు వద్దు. సర్కారు మొక్కల పథకం హరితహారంలో తొందరగా పచ్చబడుతుందని రోడ్ల పొడుగునా కోనోకార్పస్ మొక్కలు పెట్టి, తర్వాత వద్దని సర్కారే చెప్పవలసి వచ్చింది. మన మట్టికి, మన ఎండకు కానుగ, వేప, చింత, రావి ఉన్నాయి. కానుగ ఐదారేండ్లలో మనిషి కూర్చునే నీడ ఇస్తుంది. మధ్య మానేరు పునరావాస కాలనీల్లో నాలుగు దారులు కలిసే ప్రతి చోటా రెండు కానుగలు, ఒక వేప, చుట్టూ సిమెంటు గద్దె పెడితే ఖర్చు పెద్దదేమీ కాదు. మొదటి మూడు ఎండాకాలాలు ట్యాంకరుతో నీళ్లు పోయాలి, మేకలు మేయకుండా కంచె ఉండాలి. రిటైరైన సార్లు, సింగరేణి కార్మికులు కట్ట మీద మనకు చాలామందే ఉన్నారు. వానలు మొదలైన మొదటి ఆదివారం ఒక ట్రాలీ ఆటోలో మొక్కలేసుకుని కొదురుపాక వాళ్ల కొత్త కాలనీకి పోదామా? పార పట్టేవాళ్లకు పార, పట్టలేనివాళ్లకు బిందె. మధ్యాహ్నానికి అక్కడి అవ్వలే అన్నం పెడతారు, మీరు వద్దన్నా వినరు.